సంపాదక పీఠము

దినపత్రిక చేతికందగానే కడపటి పుట అడుగుభాగమును చూచువారు అరుదు. అచ్చట, ప్రకటనల క్రింద, వయస్సు మళ్లినవారి కంటికి ఆననంత సన్నని అక్షరములలో, ఆ సంచికను ఎవరు ముద్రించిరో, ఎవరు ప్రచురించిరో, ఏ ఊర ఏ ముద్రణాలయమున అచ్చయినదో, దానికి సంపాదకులెవరో తెలుపు రెండు మూడు పంక్తులుండును. 1867లో ఆంగ్లప్రభుత్వము చేసిన ముద్రణాలయముల చట్టము మూలముగా పాదుకొనిన ఆచారమిది. ఆ చట్టమునకు బదులుగా 2023లో క్రొత్త చట్టము వచ్చినను పంక్తులు మాత్రము నిలిచియే యున్నవి. కొన్ని పత్రికలలో సంపాదకుని పేరు ప్రక్కనే, వార్తల ఎంపికకు ఆయనయే బాధ్యుడను మాటయు కనబడును. ప్రభుత్వము ఆ పేరును కోరినది సత్కరించుటకు గాదు. అభియోగము తెచ్చునాడు న్యాయస్థానమునకు ఎవరిని పిలువవలెనో ముందుగనే తెలిసియుండుటకు.

సంపాదకుని పేరు పత్రికలో నిత్యము కనబడు చోటు సాధారణముగా అదియొక్కటే. ఆయన వ్రాయు సంపాదకీయమునకు సంతకముండదు. ఉపసంపాదకుడు పెట్టిన శీర్షికను ఆయన మార్చినచో ఆ మార్పు ఆయనదని పాఠకుడెరుగడు. విలేఖరి వ్రాసిన నాలుగు పేరాలను ఒక్క పేరాగా కుదించినప్పుడు వచ్చిన బిగువునకు మెప్పు విలేఖరికే దక్కును. కవి గతించినను కావ్యము మిగులును. న్యాయమూర్తి తీర్పులు గ్రంథములకెక్కును. సంపాదకుడు ముప్పది సంవత్సరములు రాత్రిని పగలుగా జేసికొని వ్రాసినదంతయు మరునాటి సాయంకాలమునకు పొట్లము కట్టుకొను కాగితము. కావున ఒక పెద్ద సంపాదకుని వృత్తిజీవితమును గూర్చి తలపోయునప్పుడెల్ల, ఆయన ఏమి వ్రాసిరను ప్రశ్నకంటె, దేనిని అచ్చుకు పోనీయలేదు, ఏనాడు కుర్చీ విడిచి లేచిరి, ఏ కష్టమునకు లేవక నిలిచిరి అను ప్రశ్నలే నాకు ముఖ్యములుగా తోచును. పత్రిక ఒకరి సొత్తు. దాని అంతఃకరణము వేరొకరి బాధ్యత. ఈ రెంటి నడుమ, జీతము పుచ్చుకొనుచు, తలయెత్తుకొని జీవించుటయే సంపాదకత్వము.

మా చిలకలగూడ రైలుబండ్ల కూతలు వినుచు పెరిగిన పేట. ఇటు సికిందరాబాదు స్టేషను, అటు సీతాఫల్‌మండి, నడుమ రైల్వే క్వార్టర్లు. రాత్రి ఉద్యోగములవారికి ఇచ్చట ఎన్నడును కొరత లేదు: డ్రైవర్లు, గార్డులు, సిగ్నలు పనివారు, వారితోపాటు అచ్చాఫీసులలో పనిచేయువారు. ఈనాటికిని తెల్లవారుజామున చౌరస్తా కడకు పోయిన, మూసియున్న దుకాణముల మెట్లమీద ఏజెంట్లు పత్రికల కట్టలు విప్పి, మెయిన్ షీటు నడుమ జిల్లా సంచికను దూర్చుచు, ఏ వీధికెన్ని ప్రతులో నోటిలెక్కగా పంచుచు, సిరా అంటి నల్లబడిన వ్రేళ్లతో టీ గ్లాసులందుకొనుట చూడవచ్చును.

కట్ట మైసమ్మ గుడికి సమీపమున ఒక సందులో విశ్రాంత ఉపసంపాదకులొకరు కాపురముండెడివారు. సీసపు అక్షరముల కాలమున ప్రూఫ్ రీడరుగా చేరి, రాత్రి డెస్కు మీదనే తల నెరసినవారు. తాను కొలువుచేసిన పత్రికను గూర్చి గాని, తన యజమానులను గూర్చి గాని ఆయన నోట ఎన్నడును పరుషము వినలేదు. ఒక్క రాత్రి సంగతి మాత్రము పలుమారు చెప్పెడివారు. ఆనాడు మొదటి పుటలో ఒక పల్లెటూరి వార్త కూర్చబడినది. పెండ్లికాని పిల్ల యొకతె బావిలో పడి మరణించినది. విలేఖరి ఆ పిల్ల పేరును, ఇంటిపేరును, తండ్రి చేయు పనిని, ఊరిలో చెప్పుకొనుచున్న వదంతిని సైతము చేర్చి పంపినాడు. పుట కట్టుట ముగిసినది. ఫోర్మా బిగించి ఫోర్‌మన్ కొయ్యసుత్తి చేతబట్టి నిలిచియున్నాడు. డాకు ఎడిషను కట్టలు వరంగల్లు వైపు పోవు బండికి అందవలెను. సంపాదకులు పుట ప్రూఫును నిలువుకాళ్లమీదనే చదివి, "పిల్ల పేరూ, ఇంటిపేరూ తీసెయ్యండి. ఆ వదంతి వాక్యం కూడా" అనిరట. "బండి దాటిపోతుందండీ" అని ఫోర్‌మన్ మొరపెట్టుకొనెను. "పోతే తర్వాతి బండికి పంపుదాం. ఆ తల్లిదండ్రులు రేపు మళ్లీ ఆ ఊళ్లోనే తిరగాలి గదా" అని సంపాదకులు అచ్చటనే నిలుచుండిరి. బిగించిన ఫోర్మాను మరల వదులుచేసి, పట్టకారుతో ఒక్కొక్క అక్షరమును పెరికి, మిగిలిన ఖాళీలో సీసపు పట్టీలు నింపి, తిరిగి బిగించి యంత్రమున కెక్కించునప్పటికి బండి పోయినది. మరునాడు వేరొక పత్రిక ఆ వార్తను సమస్త వివరములతోను అచ్చువేసెను. తమ పత్రిక ఆలస్యముగా చేరినందుకు ఏజెంట్లు సర్క్యులేషను విభాగముపై విరుచుకుపడిరి. సంపాదకులు ఎవరికిని సంజాయిషీ చెప్పలేదు, తన గొప్ప చెప్పుకొనలేదు. ఆ పిల్ల తల్లిదండ్రులకు ఈ సంగతి ఎన్నటికిని తెలిసియుండదు.

పెద్ద సంపాదకులను గూర్చి చదువునప్పుడెల్ల ఆ ఫోర్మాలోని ఖాళీయే నాకు స్ఫురించుచుండును. వారి చరిత్రలన్నిటిలోను అట్టి ఖాళీలు ఎన్నియో యుండును. వానికి సాక్షులు ఒక ఫోర్‌మన్, ఒక ఉపసంపాదకుడు, అంతే.

మా పేటనుండి ఒలిఫెంట్ వంతెన దాటి, స్టేషను మీదుగా నడిచిపోగల దూరముననే సరోజినీదేవి రోడ్డు కలదు. 1960లో ఆరంభమైన ఆంధ్రభూమి దినపత్రిక అచ్చటినుండి వెలువడుచుండెను. గోరాశాస్త్రిగా ప్రసిద్ధులైన గోవిందు రామశాస్త్రిగారు సుమారు రెండు దశాబ్దములు, 1982 మే నెలలో కన్నుమూయువరకు, ఆ పత్రికకు సంపాదకులుగా నుండిరి. అంతకుముందు మదరాసులో ఖాసా సుబ్బారావుగారి అండన 'తెలుగు స్వతంత్ర' వారపత్రికను నడిపిన కాలమున, ఆ పత్రిక పుటలలో చోటు దొరకుట యువ రచయితలకు పట్టాభిషేకమువలె నుండెడిదని ఆ తరమువారు చెప్పుకొనుట నేనెరుగుదును. 'వినాయకుడి వీణ' యను శీర్షిక క్రింద ఆయన వ్రాసిన వ్యాసములు, రేడియోకు వ్రాసిన నాటికలు, తెలుగున ఎంత సులువుగనో ఆంగ్లమునను అంత సులువుగ నడిచిన కలము, వీని నన్నిటిని చూడగా, స్వేచ్ఛగా గ్రంథరచనకే అంకితమై యుండినచో ఈయన సాహిత్యమున మరెంతటి స్థానము నందుకొనియుండునో గదా యని ఒక్కొక్కప్పుడు విచారము కలుగును. కాని దినపత్రిక అర్ధాంగీకారముతో సేవించుటకు వీలుపడని దేవత. ఉదయమున నిన్నటి తప్పులు, మధ్యాహ్నమున టెలిప్రింటరు రొద, సాయంకాలమున సంపాదకీయము, రాత్రి మొదటి పుట. ఆ చక్రమున ఇరువది సంవత్సరములు తిరిగినవాడు నాటకము వ్రాయుట యట్లుండ, ఇంట పిల్లలతో భోజనము చేయుటయే పండుగ. గోరాశాస్త్రిగారు తన ప్రతిభను మరునాటికి మాసిపోవు కాగితమున ధారవోసిరి. దానిని నేను నష్టమని అనజాలను, త్యాగమని యందును.

ఆయనకు గురుతుల్యులైన ఖాసా సుబ్బారావుగారి జీవితము కుర్చీలు విడుచుటలోనే గడచినది. ప్రకాశము పంతులుగారి 'స్వరాజ్య'లో, నెలజీతము వచ్చునో రాదో తెలియని దినములలో, కలము పట్టినవారాయన; 1930లో ఉప్పు సత్యాగ్రహమున మదరాసులో పోలీసుల లాఠీదెబ్బలు తిన్నవారు; 1938 ఆగస్టు 15న ఆంధ్రప్రభ ఆరంభమైనప్పుడు దానికి తొలి సంపాదకులు. తాను స్వయముగా నెలకొల్పిన ఆంగ్ల 'స్వతంత్ర'ను సైతము విడిచి, అరువది యేండ్ల వయస్సున, అనగా ఇతరులు పింఛను లెక్కలు చూచుకొను ఈడున, 1956లో మరల మొదటినుండి 'స్వరాజ్య' యను మరియొక వారపత్రికను ఆరంభించిరి. చీరాలవారైన కోటంరాజు రామారావుగారు ఆయనను మించిన సంచారి: దేశమందలి ఇరువదికి పైగా పత్రికలలో పనిచేసి, ఎచ్చట యజమాని ఇచ్ఛకు తన మాటకు పొత్తు కుదరకున్న అచ్చటినుండి పెట్టె సర్దుకొనిరి. 1938లో జవహర్‌లాల్ నెహ్రూగారు లక్నోలో నేషనల్ హెరాల్డును నెలకొల్పినప్పుడు తొలి సంపాదకుడు ఈ తెలుగువాడే. 1942లో రాజకీయ ఖైదీల యెడ జరుగుచున్న క్రౌర్యమును గర్హించుచు వ్రాసిన సంపాదకీయమునకు ఆయన కారాగారమునకు పోవలసివచ్చెను. కడపటి పుటలోని పేరునకు గల విలువ అట్టి వేళ తేటపడును. సంతకము లేని వ్రాతకు శిక్ష మాత్రము పేరుపెట్టియే పడును.

అదే హెరాల్డులో ఆయన పిమ్మట 1946లో సంపాదకులైన మానికొండ చలపతిరావుగారు 1978 వరకు, ముప్పదిరెండు సంవత్సరములు, ఆ కుర్చీని విడువలేదు. మచిలీపట్టణమున ముట్నూరి కృష్ణారావుగారు 1907లో కృష్ణాపత్రిక సంపాదకత్వము స్వీకరించి, 1945లో దేహము చాలించువరకు వేరొక పత్రిక గడప తొక్కలేదు. సాయంకాలమున కార్యాలయమున సాగు 'దర్బారు' అను గోష్ఠిలో కూర్చుండినవారిలో ఎందరో పిదప మనకు మాన్యులైరి. వీరిరువురు నిలకడకును, ముందు చెప్పిన ఇరువురు నిష్క్రమణకును ప్రతీకలు. ఇందెవరు గొప్పవారని అడిగినచో నేను తేల్చి చెప్పజాలను. నిలిచినవారు నిలిచినది జీతమునకు గాదు. లేచినవారు లేచినది అహంకారమున గాదు. ఇచ్చట నిలిచిన నా మాట నిలుచునా, పోవునా అను ఒకే ప్రశ్నను ఇరుతెగలవారును వేసికొనిరి. సమాధానములు మాత్రము వేరైనవి.

నార్ల వెంకటేశ్వరరావుగారి యందు ఈ రెండును కలిసినవి. 1942లో ఆంధ్రప్రభ సంపాదకులైనప్పుడు ఆయన వయస్సు ముప్పదినాలుగునకు మించలేదు. పత్రిక అనగా పండితులకు సమ్మతమైన భాషలో నడువవలెనని నమ్మిన దినములలో, సంతకు పోవు రైతు, మిల్లునుండి వచ్చు కూలి చదువుకొనగల తెలుగున ఆయన సంపాదకీయములు వ్రాసిరి. గ్రాంథికమునందు చేయి తిరిగిన నావంటివాడును ఒప్పుకొనవలసిన సత్యమిది: దేశమునకు ఆ భాషయే ప్రాణవాయువైనది. పదునేడేండ్లు ఆయన పేరును పత్రిక పేరును జనులు వేరుచేసి పలుకలేదు. అయినను పత్రిక ఆయనది కాదు. 1959లో యాజమాన్యముతో పొసగక ఆయన లేచి వచ్చినప్పుడు ఆ సంగతి నగ్నముగా బయటపడెను. అట్టి దినమున ఒక సంపాదకుడు ఇంటికి తీసికొనిపోగలిగినది ఏమి? అచ్చుయంత్రము రాదు, పత్రిక పేరు రాదు, ఏజెంట్ల పట్టిక రాదు. పాఠకుని విశ్వాసము మాత్రము వెంట వచ్చును. అదియు ఎంతయున్నదో ముందుగా ఎవరును చెప్పజాలరు. 1960 జూలై 1న విజయవాడలో ఆంధ్రజ్యోతి ఆయన సంపాదకత్వమున వెలువడగా, ఆ విశ్వాసము ఎంతటిదో లోకమునకు తెలిసినది. 1977 వరకు ఆయన అచ్చట నుండిరి.

ఒక్క విషయమున నాకు పెద్దలతో అభిప్రాయభేదము కలదు. నార్లవారు పండ్రెండేండ్లు రాజ్యసభలో నుండిరి. రామారావుగారును 1952లో ఆ సభకు పోయిరి. సంపాదకుడు చట్టసభలో కూర్చుండుట నాకు రుచింపదు. ప్రేక్షకుల గ్యాలరీలోనుండి చూడవలసినవాడు బల్లకు ఆవలివైపున చేరినచో, ఎంత నిష్పక్షపాతియైనను, చూపు కొంత మారక తప్పదు. అలహాబాదు 'లీడరు' పత్రికను దేశమంతట పేరుగాంచినదిగా జేసిన విజయనగరపు బిడ్డ చిఱ్ఱావూరి యజ్ఞేశ్వర చింతామణిగారు నాటి సంయుక్త ప్రాంతములలో మంత్రియై, 1923లో రాజీనామా యిచ్చి, మరల తన పత్రికకే మరలి వచ్చిరి. ఆ మరలివచ్చుటయే నాకు ఆయన జీవితమున మిక్కిలి ప్రియమైన ఘట్టము.

ఇక మా ప్రాంతమున సంపాదకత్వము మరియొక తీరున నడిచినది. నిజాము పాలనలో తెలుగు మాట్లాడువారు అంతమంది యుండియు తెలుగు బడులు అరుదైన కాలమున, 1926 మే 10న సురవరము ప్రతాపరెడ్డిగారు హైదరాబాదునుండి గోలకొండ పత్రికను వెలువరించిరి. తెలంగాణమున కవులే లేరని ఒకరు వ్రాసిన మాట ఆయన చెవిని పడినప్పుడు, ఆ మాటను ఖండించుచు నిప్పులు గ్రక్కు సంపాదకీయమొకటి వ్రాసి తృప్తినొందుట సులభమైయుండును. ఆయన అట్లు చేయక, ఊరూరికి జాబులు వ్రాసి, కవుల పేర్లు, ఊర్లు, పద్యములు తెప్పించి, వడపోసి, 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను 1934లో ప్రకటించిరి. నేను సంపాదకవృత్తి చరిత్రను బోధించువాడనైనచో ఆ సంచికను మొదటి పాఠముగా పెట్టుదును. ఎన్నడో మరువబడియున్న ఒక పల్లెటూరి కవి పద్యమును తపాలా కవరునుండి తీసి, చేవ్రాత పోల్చుకొని, తప్పులు దిద్ది, అచ్చునకు పంపు ఓపిక ముందర ఎంతటి ఆవేశపూరితమైన వాక్యమైనను చిన్నబోవును.

ఆ నగరముననే, ఇమ్రోజ్ అను ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ హత్య జరిగినది. మా సీతాఫల్‌మండిలో లోకల్ బండి యెక్కిన నాలుగైదు స్టేషనుల దూరముననున్న కాచిగూడలో. తెలంగాణపు పల్లెలో పుట్టి, పోలీసు ఉద్యోగి కుమారుడై పెరిగి, చదువునకు తగిన కొలువు దొరకగలిగియు పత్రికారంగమునకు వచ్చిన యువకుడాయన. మందుముల నరసింగరావుగారి 'రయ్యత్'లో పనిచేసెను. ప్రభుత్వము దానిని మూయించెను. పిదప ఇమ్రోజ్ నెలకొల్పి, రజాకార్ల దౌర్జన్యమును ఖండించుచు, హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరవలెనని వ్రాసెను. బెదిరింపులు వచ్చినవి; వ్రాత ఆగలేదు. 1948 ఆగస్టు 21-22 నడిమి రాత్రి, కార్యాలయమున పని ముగించుకొని ఇంటికి నడిచిపోవుచుండగా దుండగులు ఆయనపై పడి, కాల్చి, వ్రాసిన చేతిని నరికిరి. అప్పటికాయనకు ఇరువదియెనిమిది యేండ్లు నిండలేదు. నెల తిరుగకమునుపే, సెప్టెంబరు 17న, సంస్థానము లొంగిపోయెను. ఆయన వృత్తిజీవితమును సంవత్సరములలో లెక్కించినచో మిక్కిలి పొట్టిది. కాని సంపాదకుడనగా ఎవరని అడుగువానికి చూపదగిన ఉదాహరణము మా నగరమున దీనికి మించినది లేదు. పేరు చెప్పుటకు వెరవక వ్రాసి, వ్రాసిన పిమ్మట అదే త్రోవను ఇంటికి నడిచిపోయిన మనుష్యుడు.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట కత్తులు వెనుకకు పోయినవి. లెక్కల పుస్తకములు ముందుకు వచ్చినవి. చలపతిరావుగారు సభ్యులుగానున్న మొదటి ప్రెస్ కమిషను 1954లో సమర్పించిన నివేదికలోనే, సంపాదకుని స్థానము క్షీణించుచు యజమాని ప్రభావము పెరుగుచున్నదను ఆవేదన కలదు. 1955లో పత్రికారచయితల ఉద్యోగభద్రతకు చట్టము వచ్చెను. చట్టము జీతమును కాపాడగలదు. లేదని చెప్పగల నాలుకను ప్రసాదింపజాలదు. 1975 జూన్‌లో అత్యవసరపరిస్థితి విధింపబడినప్పుడు 28వ తేదీన ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయ స్థలమును తెల్లగా విడిచి అచ్చువేసెను. ఆనాడు దేశమున వందల పత్రికలు వెలువడినవి. మన స్మృతిలో నిలిచినది ఆ తెలుపు.

నేడు పలు పత్రికలలో యజమానియే సంపాదకుడు. లేదా సంపాదకుడని పేరుగలవాడు ప్రకటనల విభాగము, యాజమాన్యపు రాజకీయము గీచిన గీతలోపల కుర్చీని సర్దుకొనువాడు. ఈ మాట నేను కోపముతో అనుటలేదు, దుఃఖముతో అనుచున్నాను. ఏలయన, రాత్రి డెస్కుమీద కూర్చుండు యువకులలో ప్రతిభకు గాని నిజాయితీకి గాని లోటున్నదని నేను నమ్మను. వారికి లోపించినది, వారి వంతున నిలుచుండి "బండి పోతే పోనీండి" అనగల ఒక పెద్దతల.

వారికి మనము చేయగలిగిన ఉపకారమొకటి కలదని నాకు తోచుచున్నది. ప్రెస్ అకాడమీవారు పాత తెలుగు పత్రికలను ఎన్నింటినో స్కాను చేయించి అందరికి అందుబాటులో ఉంచిరి. సుల్తాన్‌బజారులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమువంటి గ్రంథాలయములున్నవి. వానిలో దొరకినంతవరకు, పత్రికవారీగా, సంవత్సరమువారీగా, ఏ తేదీనుండి ఏ తేదీవరకు ఎవరు సంపాదకులో కడపటి పుట చూచి నిర్ధారించుకొని, సంతకము లేని ఆ సంపాదకీయములను వ్రాసినవారి పేరిట సంపుటములుగా కూర్చవలెను. నార్లవారికి ఈ సేవ కొంత జరిగినది. ఆంధ్రభూమి అచ్చు 2020లో ఆగిపోయినది గనుక, గోరాశాస్త్రిగారి ఇరువది యేండ్ల సంపాదకీయములను ప్రోగుచేయు పని ఇక ఆలస్యము చేయరానిది. ఆ పనికి పూనుకొనువారెవరైనను ఉన్నచో, ప్రతులు సరిచూచుటకు, తేదీలు వ్రాసికొనుటకు, దుమ్ము దులుపుటకు నేను సిద్ధముగా నున్నాను.